రాజీ కాగితంలో నీళ్ల మాట ఏదీ?

(ఆత్మకూరులో గ్రామ కార్యకర్తల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



శాంతికీ, న్యాయానికీ, పర్యావరణానికీ ఉన్న సంబంధం చెప్పమని మమ్మల్ని పిలిచినారు. పలకాలంటేనే నోరు తిరగని మాటలు. మేం బడిపంతుళ్లం. మా ఇంట్లో మొదట పలక పట్టింది మేమే. మా నాయన వేలిముద్ర మనిషి. అందుకని పుస్తకం కాడనుంచి కాదు, ఊరి కాడనుంచే మొదలు పెడతాం.

మేం మా ఊరి బడిలో పనిచేసే కాలంలో ఒకే ఏడాది బడి గోడకు మూడు బ్యానర్లు కట్టినాం. జూన్ నెలలో పర్యావరణ దినం బ్యానరు. పెద్దలొచ్చి మొక్కలు నాటినారు, ఫోటో దిగినారు, పోయినారు. ఎండాకాలం వచ్చేసరికి ఊర్లో కొట్లాటయింది. అప్పుడు శాంతి కమిటీ బ్యానరు. ఏప్రిల్ 14న అంబేద్కర్ జయంతికి సామాజిక న్యాయం బ్యానరు. మూడూ కట్టింది ఒకే మేకుకు. మూడు సభలకూ కుర్చీలు మోసింది మన పిల్లోళ్లే. మొక్కల సభకొచ్చిన పెద్దమనిషి కొట్లాట మాట ఎత్తలేదు. శాంతి సభకొచ్చినాయన మొక్కల మాట ఎత్తలేదు. కానీ మొక్కలు ఎండింది నీళ్లు లేక. కొట్లాట పుట్టింది నీళ్ల కాడ. నీళ్లు లేనిది మన గేరికి. మూడు సభలూ జరిగింది చెరువుకట్టకు కూతవేటు దూరంలో. ఆ చెరువు పేరు మాత్రం ఒక్క సభలోనూ వినపడలేదు.

ఆ చెరువు కథ మొదట చెప్తాం. ఇది మా ఊరి కథే గాని, మీలో చానామందికి మీ ఊరి కథ లాగే ఉంటుంది.

చెరువు కథ

మా తాత నీరుగంటి. తూము తెరిచేదీ మూసేదీ, ఏ మడికి ఎంత నీళ్లు పోవాల్నో చూసేదీ ఆయన పని. వాన రాత్రి కట్ట మీద లాంతరు పట్టుకొని తిరిగింది ఆయన. కట్టకు గండి పడుతుందంటే మట్టి తట్టలు మోసింది మన గేరి జనం. కపిల బావికి తోలు పని చేసింది మాదిగలు. ఊరికంతా నీళ్లు పంచిన మా తాతకు ఆ చెరువు కింద ఒక్క సెంటు మడి లేదు. కల్లం కాడ చేటెడు గింజలు మేర ఇస్తే కొంగు పట్టి తెచ్చుకున్న బతుకు. ఇది మొదటి అన్యాయం. దీన్ని ఎవరూ అన్యాయం అనలేదు, ఆచారం అన్నారు.

మా నాయన కాలానికి చెరువు లోతట్టు నేలలో పెద్ద ఇండ్లోళ్ల సేద్యం మొదలైంది. నీళ్లు తీసిన కాడల్లా మడక కట్టినారు. చెరువు నిండితే పంట మునుగుతుంది కాబట్టి, చెరువు నిండకుండా మరవ కాడ రాళ్లు తీసినారు. పైనుంచి నీళ్లు తెచ్చే వంకను పూడ్చి సేను కలుపుకున్నారు. చెరువు తగ్గింది. డబ్బున్నోళ్లు బోర్లు వేసుకున్నారు. చెరువుతో పనిలేని మనిషి చెరువును ఎందుకు కాపాడతాడు? కట్టకు మట్టి వేసే రోజు పోయింది. నీరుగంటి పని పోయింది. చేటెడు గింజలూ పోయినాయి.

బోర్లు లోతుకు పోయేకొద్దీ బావులు ఎండినాయి. ఏ బావి మొదట ఎండింది? లోతు తక్కువది, గేరిలోది, మనది. మన ఆడోళ్లు కడవ పట్టుకొని ఒకరి మోటారు కాడికి పోవాల్సి వచ్చింది. ఒకరి మోటారు కాడ నీళ్లు పట్టుకునేటప్పుడు మెడ వంచాల. కూలి ఎంతిస్తే అంత అనాల. ఓటు ఎవరికని అడిగితే ఆయన చెప్పినోళ్లకే అనాల. ఒక ఎండాకాలం మా గేరి పడుచుపిల్ల మెడ వంచలేదు. మాటకు మాట అనింది. ఆ సాయంత్రం గేరి మీదికి కర్రలొచ్చినాయి.

తర్వాత శాంతి కమిటీ. పెద్దలు రచ్చకట్ట మీద కూర్చున్నారు. రాజీ కాగితం రాయాల, ఎవరి చేతిరాత బాగుంటుంది అన్నారు. పంతులు రాస్తాడన్నారు. సిగ్గుతో చెప్తున్నాం, ఆ కాగితం రాసింది మేమే. 'ఇరుపక్షాలవారము ఇకమీదట సఖ్యముగా నుండగలము' అని గుండ్రటి అక్షరాలతో రాసినాం. అందులో బావి మాట లేదు. చెరువు మాట లేదు. పూడ్చిన వంక మాట లేదు. వేలిముద్రలు పడినాయి, టీ తాగినాం, బ్యానరు విప్పినాం. రెండేండ్లు తిరగలేదు, మళ్లీ ఎండాకాలం, మళ్లీ అదే మోటారు కాడ కొట్లాట. ఈసారి మా పిన్నమ్మ కొడుకు చెయ్యి విరిగింది. ఆ విరిగిన చెయ్యిలో మా చేతిరాతకు కూడా పాలు ఉంది.

ముందేముంది, తర్వాతేమవుతుంది

ఆ పొద్దునుంచి రెండు ప్రశ్నలు అడగడం నేర్చుకున్నాం. ఏ సంగతి జరిగినా దీనికి ముందేముంది అని ఒకటి. దీని తర్వాత ఏమవుతుంది అని రెండోది. కొట్లాటకు ముందు మోటారు. మోటారుకు ముందు ఎండిన బావి. బావికి ముందు ఎండిన చెరువు. చెరువుకు ముందు కబ్జా. కబ్జాకు ముందు, అడ్డుకునే బలం మనకు లేకుండా చేసిన కులం. ఇప్పుడు ఇటునుంచి పోండి. కులం వల్ల మనకు భూమి లేదు, భూమి లేనందుకు చెరువు మీద మాట చెల్లలేదు, మాట చెల్లనందుకు చెరువు పోయింది, చెరువు పోయినందుకు ఇంకా మెడ వంచినాం. గానుగెద్దు తిరిగినట్టు తిరిగి తిరిగి అక్కడికే వస్తుంది. బలం లేనోళ్లు చెరువును కాపాడలేరు, చెరువు లేనోళ్లకు బలం రాదు.

ఇట్ల మొత్తం కలిపి చూడడాన్ని చదువుకున్నోళ్లు వ్యవస్థా దృష్టి అంటారు. 1972లో అమెరికాలో డొనెల్లా మెడోస్, ఆమె తోటివారు కలిసి 'వృద్ధికి హద్దులు' అనే అర్థం వచ్చే పేరుతో ఒక పుస్తకం తెచ్చినారు. జనాభా, తిండి, ఫ్యాక్టరీలు, కాలుష్యం ఒకదాన్నొకటి లాగుతాయనీ, ఫలితం ఆలస్యంగా కనపడుతుంది కాబట్టి మేలుకునేసరికి పొద్దుపోతుందనీ లెక్కగట్టి చెప్పినారు. ఏదీ ఒంటిగా పుట్టదు, ఒకదాన్ని ఆధారం చేసుకొని ఇంకొకటి పుడుతుందని అంతకు రెండున్నరవేల ఏండ్ల ముందే బుద్ధుడు చెప్పినాడు. ఆ మొదటిదాన్ని తీసేస్తే రెండోది నిలవదని కూడా చెప్పినాడు. మనకు ఆ రెండో మాట ముఖ్యం.

చరిత్ర చూడండి. 1927 మార్చి 20న అంబేద్కర్ మహద్ చవదార్ చెరువులో దిగి దోసిలితో నీళ్లు తాగినారు. పశువులు తాగే చెరువులో మనిషి తాగితే మైలపడిందని శుద్ధి చేసినారు. ఆ చెరువు మీద హైకోర్టు తీర్పు 1937లో గాని రాలేదు. 1985 జూలైలో ప్రకాశం జిల్లా కారంచేడులో ఏమైంది? మాదిగలు తాగే నీళ్లను పెత్తందారీ కులం యువకులు పశువుల కుడితి బొక్కెనలతో పాడుచేస్తుంటే మనోళ్లు వద్దన్నారు. కొట్టబోతే మున్నంగి సువార్త కడవ ఎత్తి ఎదురు నిలిచింది. మర్నాడు, జూలై 17న, ఆరుగురు మాదిగలను చంపినారు. బతికినోళ్లు చీరాలకు తరలిపోయి అక్కడే కాలనీ కట్టుకున్నారు. సుప్రీంకోర్టు తీర్పు 2008లో వచ్చింది. ఇప్పుడు చెప్పండి, కారంచేడు పర్యావరణం సమస్యా, న్యాయం సమస్యా, శాంతి సమస్యా? తాగే నీళ్లు పాడు కాకూడదని అడగడం పర్యావరణం. మా నీళ్లకూ మీ నీళ్లంత విలువ ఉందనడం న్యాయం. అది కాదన్న పొద్దే శాంతి పోయింది. మూడూ ఒకే కడవలో ఉన్నాయి.

మన పక్కనే వెంపెంట ఉంది. 1998 జూలైలో అక్కడ తొమ్మిదిమంది దళితులను చంపినారు. మీలో ఆ దిక్కునుంచి వచ్చినోళ్లున్నారు, మీకు మేం చెప్పేదేముంది. నిశ్శబ్దంగా ఉన్న ఊరు వేరు, శాంతిగా ఉన్న ఊరు వేరని మాత్రం అందరం గుర్తుపెట్టుకోవాల.

పెద్ద చెరువు కథ

ఊరి చెరువు కథే శ్రీశైలంలో పెద్దగా జరిగింది. 1981లో కృష్ణ గట్టున నూరు పైచిలుకు ఊళ్లను ఖాళీ చేయించినారు. లక్షకు పైగా జనం కదిలినారు. మన ఆత్మకూరు, నందికొట్కూరు సీమ ఊళ్లు అందులో చానా ఉన్నాయి. సంగమేశ్వరం గుడి నీళ్లలోకి పోయింది, ఎండాకాలం నీళ్లు తగ్గితే తేలుతుంది. కూడవెల్లి గుడిని మాత్రం రాయి రాయి విప్పి ఆలంపురానికి తీసుకుపోయి మళ్లీ కట్టినారు. రాళ్లకు లెక్క ఉంది. మంచిదే, పాత గుడి నిలబడింది. కానీ పట్టా ఉన్నోడికే నష్టపరిహారం అన్నప్పుడు, పట్టా లేకుండా నది ఒడ్డున దోసకాయ, కర్బూజా పండించుకున్నోళ్లకు, చేపలు పట్టినోళ్లకు, కూలికి పోయినోళ్లకు లెక్క యాడుంది? వాళ్లకు నది ఉంది గాని కాగితం లేదు. నది పోతే కాగితం లేనోళ్లకు ఏమీ మిగలలేదు.

ఆ నీళ్లతో కరెంటు పుట్టింది, పోతిరెడ్డిపాడు దగ్గర తూములు పెట్టి సీమకూ మద్రాసుకూ నీళ్లు తీసినారు. నీళ్లు పారిన కాడ పంటలు పండినాయి, దాన్ని కాదనం. కానీ తర్వాత ఏమవుతుంది అన్న ప్రశ్న అడగాల. ప్రాజెక్టు కట్టినప్పుడు 308 టి.ఎం.సి.లు పడుతుందన్నారు. తర్వాతి కొలతల్లో అది 215 దగ్గరికి దిగింది. మిగతా తావంతా మట్టి. ఆ మట్టి యాడిది? ఎగువన చెట్లు పోయిన గుట్టలది, గట్లు తెగిన సేన్లది. యాడో గుట్ట మీద చేసిన తప్పు ఇంకో తావున, ఇరవై ముప్పై ఏండ్లకు కనపడుతుంది. 2009 అక్టోబరు 2న కర్నూలు పట్నం మునిగింది. వరద పెద్దోళ్ల మిద్దెల్లోకీ వచ్చింది, గుడిసెల్లోకీ వచ్చింది. మిద్దె కడుక్కుంటే సరిపోతుంది. గుడిసె మళ్లీ కట్టాల.

పర్యావరణం కడుపు నిండినోళ్ల మాటేనా?

మన కార్యకర్తలే మమ్మల్ని అడుగుతారు: "సార్, కూలి లేక సస్తాంటే మాన్లు, పిట్టలు అంటారేంది? అది కడుపు నిండినోళ్ల మాట." ఈ కోపంలో నిజముంది. మన పక్కనే రోళ్లపాడు చూడండి. బట్టమేక పిట్టను కాపాడాలని 1988లో అభయారణ్యం చేసినారు. అది గడ్డినేల పిట్ట. ఆ తర్వాత అలగనూరు రిజర్వాయరు వచ్చింది, చుట్టూ కాలువలు, తడి పంటలు వచ్చినాయి, గడ్డినేల తగ్గింది. కృష్ణజింకలు పెరిగి రైతుల సేన్ల మీద పడినాయి. పిట్టా దక్కలేదు, కనపడడమే అరుదైంది. రైతుకూ నెమ్మది లేదు. కంచె లోపలి నేలను ఒకరు చూసినారు, కంచె బయటి నీళ్లను ఇంకొకరు చూసినారు. రెండింటినీ కలిపి చూసినోళ్లు లేరు. గొర్రెలు మేపుకునే మనిషిని, చిన్న రైతును పిలిచి అడిగింటే ఆ పిట్ట యాడ గుడ్డు పెడుతుందో, జింక యాటికి వస్తుందో వాళ్లే చెప్పిందురు.

నల్లమల సంగతీ అంతే. 1983లో పులుల ప్రాజెక్టు కిందికి వచ్చింది. అడవిలో పుట్టిన చెంచోళ్లను అడవికి పరాయివాళ్లు చేసినారు. తీరా పులి జాడ పట్టాల్సి వస్తే చెంచే కావాల. ఇప్పుడు అడవి కాపలా క్యాంపుల్లో నడిచే కాళ్లలో చానా చెంచుల కాళ్లు. 2006 అటవీ హక్కుల చట్టం అడవిలో బతికేవాళ్లకు హక్కు ఉందని రాసింది. ఆ హక్కు చేతికి రాకుండా అడవి నిలవదు, అడవి నిలవకుండా మన వంకల్లో నీళ్లు నిలవవు. భవనాశి నల్లమల నీళ్లతో బతికే ఏరే కదా.

కాబట్టి పర్యావరణం కడుపు నిండినోళ్ల మాట కాదు. దాన్ని వాళ్లు ఎత్తుకుపోయినారు, అంతే. చెరువు, వంక, పోరంబోకు, గడ్డినేల, అడవి - పట్టా లేనోడికి ఇవే పట్టా. వాటికి దెబ్బ తగిలితే మొదట దెబ్బ తినేది మనం.

అంబేద్కర్ ఈ సంగతి ఎరిగిన మనిషి. 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కౌన్సిల్లో కార్మిక శాఖతో పాటు నీటిపారుదల, కరెంటు పనులు కూడా చూసినారు. దామోదర్ నదిని ముక్కలుగా కాక, వరద, సాగునీరు, కరెంటు, పడవదారి అన్నీ కలిపి ఒకే నదిగా చూడాలని పట్టుబట్టినారు. 1948లో దామోదర్ లోయ కార్పొరేషన్ చట్టమైంది. ఆ డ్యాముల కింద ఆదివాసీల ఊళ్లు మునిగినాయి, దాన్ని మనం దాచకూడదు. నదిని మొత్తంగా చూస్తే సరిపోదు, నది గట్టున ఉండే మనిషిని కూడా ఆ మొత్తంలో కలపాలని ఆ అనుభవం చెప్తుంది.

ఆయన చివర రాసిన 'బుద్ధుడు, ఆయన ధమ్మం' 1957లో అచ్చయింది. సిద్ధార్థుడు ముసలివాన్నీ, శవాన్నీ చూసి ఇల్లు వదిలినాడని అందరం విన్నాం. అంబేద్కర్ వేరే సంగతి చెప్పినారు. రోహిణి నది నీళ్ల మీద శాక్యులకూ కోలియులకూ తగాదా వస్తే, శాక్యుల సంఘం యుద్ధం అనింది. సిద్ధార్థుడు వద్దన్నాడు. అటు ఇద్దరు, ఇటు ఇద్దరు కూర్చోండి, ఆ నలుగురూ అయిదోవాన్ని ఎన్నుకోండి, తగాదా మూలం తేల్చండి అన్నాడు. సంఘం వినలేదు. ఆయనే దేశం విడిచినాడు. చూడండి, ఆయన ఉత్త సఖ్యత అడగలేదు. నీళ్ల లెక్క తేల్చమన్నాడు. మేం రాసిన రాజీ కాగితంలో లేనిది అదే.

ఇక చేయాల్సింది

మీరు ఊళ్లకు పోయినాక చేయాల్సిన పనులు చెప్పి ముగిస్తాం.

ఒకటి. గేరిలో నేల మీద సుద్దముక్కతో ఊరి పటం గీయండి. వంక యాడ పుడుతుంది, చెరువుకు యాడ చేరుతుంది, తూము, బావులు, బోర్లు యాడున్నాయి, ఏ బావి ఎప్పుడు ఎండింది. పటం గీసేటప్పుడు ఆడోళ్లను ముందు కూర్చోబెట్టండి. నీళ్లు మోసినోళ్లకే నీళ్ల దారి తెలుసు. మాల, మాదిగ అని వేరే వేరే పటాలు గీయొద్దు. నీళ్లు పోయినప్పుడు రెండు గేరుల బావులూ ఎండినాయి.

రెండు. ఆ పటానికి కాగితం జతచేయండి. అడంగలు, సర్వే పటం నకలు సమాచార హక్కు చట్టం కింద అడగండి. చెరువులు, గుంటలు ఊరి ఉమ్మడి ఆస్తి, వాటిని ఇంకొకరికి రాసివ్వకూడదని 2001లో సుప్రీంకోర్టు చెప్పింది. 2011 జనవరిలో జగ్పాల్ సింగ్ కేసులో ఊరి ఉమ్మడి నేలల కబ్జాలు తీయించమని రాష్ట్రాలను ఆదేశించింది. ఇక్కడ జాగ్రత్త. చెరువు బాగుచేస్తామని వచ్చినోళ్లు పెద్దోని పదెకరాలు వదిలేసి, లోతట్టులో అరెకరం చేసుకునే మనవాన్ని మొదట లేపుతారు. ప్రభుత్వమే భూమిలేని కూలీలకు, ఎస్సీ ఎస్టీలకు ఇచ్చిన నేలల విషయం వేరని అదే తీర్పులో ఉంది. దాన్ని చూపించండి. మొదట పెద్ద కబ్జా, పేదవానికి ముందు వేరే నేల. ఈ వరస తప్పితే ఒప్పుకోవద్దు.

మూడు. ఉపాధి పనులు ఏ పేరుతో వచ్చినా, గ్రామసభలో వంక పని, చెరువు పని అడగండి. కూలి మనకు వస్తుంది, నీళ్లూ మనకు వస్తాయి.

నాలుగు. కేసు వేరు, రాజీ వేరు. దెబ్బ తగిలినప్పుడు 1989 అట్రాసిటీ చట్టం కింద కేసు పెట్టాల్సిందే. కానీ మేం ఏండ్ల తరబడి కేసు ఒక్కదాన్నే పట్టుకున్నాం, నీళ్లను వదిలేసినాం. కేసు నిన్నటి దెబ్బకు, నీళ్లు రేపటి దెబ్బకు. రెండూ చూడాల.

మా ఊర్లో రెండోసారి రాజీకి కూర్చున్నప్పుడు మళ్లీ మా చేతికే కాగితం ఇచ్చినారు. మేం రాసేలోపల మా గేరి ఆడోళ్లు లేచినారు. ఆ రోజు మెడ వంచని పిల్ల అప్పటికి ఇద్దరు పిల్లల తల్లి. "పంతులూ, నువ్వు రాసేది మాకు చదివి వినిపించు. అందులో వంక ఉందా? బావి ఉందా? చెరువు కొలత ఉందా? లేకపోతే మా వేలు పడదు" అనింది. పెద్దలు గొణిగినారు, ఇద్దరు లేచిపోయినారు. మేం మూడు వరుసలు కలిపి రాసినాం. వంక పూడు తీయాల. గేరికి వేరే నీళ్లు రావాల. చెరువు లోతట్టు సర్వే కావాల.

వంక పూడు ఉపాధి హామీ కింద తీసినాం. గేరికి కొళాయి వచ్చింది. ఒకరి మోటారు కాడికి పోయే పని తప్పింది, కూలి అడిగేటప్పుడు గొంతు కూడా మారింది. సర్వే ఇంకా కాలేదు. అర్జీల మీద అర్జీలు పెడుతున్నాం. కాబట్టి మా ఊర్లో శాంతి మూడింట రెండు పాళ్లే వచ్చింది. మిగిలిన పాలు చెరువు లోతట్టులో ఎవరో దున్నుకుంటున్నారు.

రేపు మీ ఊర్లో ఎవరైనా సఖ్యంగా ఉందామని కాగితం తెస్తే, సఖ్యంగా ఉండడానికి మనం ఎప్పుడూ సిద్ధమే అని చెప్పండి. చెప్పి, ఆ కాగితం చదివించుకోండి. నీళ్ల మాట యాడుందో వేలు పెట్టి చూపించమనండి. చూపించినాకే ఆ వేలుకు సిరా అంటించండి.

జై భీం.